బతుకంతా జీతం

"మూడు రోజులైపోయింది. మనిషన్నాక ఒక్క ముక్కైనా మాటాడదేటి?" అంది సూర్యకళ, రాగిజావ గ్లాసు అత్తగారి ముందు పెట్టి.

చిట్టమ్మ మాట్లాడలేదు. జావ మాత్రం తాగింది. నోరు కట్టేసుకుంది గానీ కడుపు కట్టేసుకునేంత వెర్రిబాగుల్ది కాదావిడ.

ఎల్లాజీ గోడ గడియారం వైపు చూశాడు. పది దాటింది.

"పన్నెండులోగా వీడియో ఎల్లకపోతే ఈ నెల జీతం పోద్ది. అమ్మా, పేరు సెప్పు, తారీకు సెప్పు. రెండే రెండు ముక్కలు. మా తల్లివి కదూ!"

మా తల్లివి కదూ! చిట్టమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది. తనకు డెబ్భై నాలుగేళ్ళు వచ్చాక కొడుక్కి తను తల్లినని తెలిసింది. అదైనా వాడంతట వాడికి తెలియలేదు. ఇంజన్ ఆయిల్ కంపెనీవాళ్ళు ఉత్తరం రాసి చెబితే తెలిసింది.

ఆ కంపెనీ లాటరీ పేరు 'బతుకంతా జీతం'. ఆయిల్ డబ్బా మూత కింద ఒక కూపన్ ఉంటుంది. పేరు రాసి పంపితే డ్రా తీస్తారు. తగిలినవాళ్ళకు బతికున్నంతకాలం నెలకు యాభై వేలు. నెలనెలా ఆ మనిషి కెమెరా ముందు తన పేరూ ఆ రోజు తారీకూ నోటితో చెప్పాలి. బతికున్నట్టు కంపెనీకి అదే సాక్ష్యం.

తన చేపలబోటు ఇంజన్‌కు కొన్న డబ్బాలోని కూపన్ మీద ఎల్లాజీ తల్లి పేరు రాశాడు. ఆ జాలరిపేటలో కొత్త వల బోటెక్కాలంటే మొదటి ముడికి పసుపు రాయాల్సింది చిట్టమ్మే. ఆమె చెయ్యి పడిన వల ఖాళీగా రాదని అందరికీ నమ్మకం. ఆ అలవాటు కొద్దీ, వలకు చెయ్యి పెట్టించినట్టే కూపన్‌కు పేరు పెట్టించాడు. మంచి చెయ్యి కదా, తగిలింది. తగిలాక గానీ ఆ చెయ్యి వయసెంతో వాళ్ళకు గుర్తు రాలేదు.

"మన పిల్ల సాయిదుర్గ పేరు రాసుంటే అరవై ఏళ్ళు తినీవోళ్ళం" అని సూర్యకళ వారం రోజులు ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, అత్తగారి మంచానికి దోమతెర కొనుక్కొచ్చింది.

అది మొదలు చిట్టమ్మకు పట్టిన వైభోగం ఇంతా అంతా కాదు. కూరలో ఉప్పు తగ్గించారు, పులుపు తగ్గించారు. చుట్ట మానిపించారు. చివరికి నెలన్నర కిందట గుమ్మానికి ఇనప గ్రిల్లు పెట్టించి తాళం వేశారు. రోడ్డు మీద ఆటోలు ఎక్కువైపోయాయట! యాభై ఏళ్ళు తెల్లవారుజామున మూడింటికి అదే రోడ్డు మీద, నెత్తిన తట్టతో, లారీలను తప్పించుకుంటూ హార్బర్‌కు నడిచింది. అప్పుడెవరికీ భయం వెయ్యలేదు.

పోయినేడు దగ్గుతో పదిరోజులు మంచానపడితే, "రాత్రంతా నిద్దర నేదు" అని ఇదే కొడుకు ఆ మంచాన్ని వసారాలోకి ఈడ్చాడు. ఇప్పుడు ఒక్క తుమ్ము తుమ్మితే వీధిలో ఆటో వచ్చి నిలబడుతోంది. బెల్లమున్నంతసేపే ఈగలు. ఆ సంగతి ఈగలకు తెలియకపోవచ్చు గానీ, బెల్లానికి బాగా తెలుసు.

కోడలి భక్తి మరీ చోద్యం. అత్తగారి ఆయుష్షు కోసం నూకాలమ్మకు మొక్కుకుందట. రోజూ చీకటితోనే గుడికని బయల్దేరి, తొమ్మిదింటికి తిరిగొచ్చి, నేరుగా స్నానాల గదిలో దూరుతుంది. బయటికి వచ్చేసరికి మొహం నిండా పసుపు, రూపాయి కాసంత బొట్టు. ఆ బొట్టు చూసినప్పుడల్లా చిట్టమ్మకు ఒళ్ళు మండిపోయేది.

"మామ్మా, ఒక్కపాలి సెప్పీయే," సాయిదుర్గ ఫోను పట్టుకుని ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్లో బిల్లింగు పని ఆ పిల్లది. "నాకు డూటీకి లేటైపోతంది. మా ఓనరు ఇప్పటికే మూడుపాల్లు ఫోన్ సేసినాడు."

చిట్టమ్మ మనవరాలి తల నిమిరింది. మాట మాత్రం ఇవ్వలేదు.

"అసలేటి కావాల నీకు? అదైనా సెప్పు!" ఎల్లాజీ అరిచాడు.

చెప్పాల్సిన అవసరమేముంది? ఇంట్లో అందరికీ తెలుసు. చిట్టమ్మకు కావలసింది హార్బర్‌లో ఐస్ ప్లాంటు గోడవార మూడడుగుల చోటు. అక్కడ ఆమె అత్తగారు కూర్చుంది. అత్తగారి తర్వాత ఆమె కూర్చుంది. అక్కడే వేలంపాటలో చేప కొని, అక్కడే తట్టలో పరిచి, మొగుడు సముద్రంలో పోయాక ఈ ఎల్లాజీని అక్కడే పెంచింది. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఆ చోటుకు కాగితం లేదు, పట్టా లేదు. వరసగా పదిహేను రోజులు ఆ ఇంటి తట్ట దిగకపోతే, ఎవరు ముందు దించితే వాళ్ళది. ఈ కట్టుబాటును ఎవరూ రాయలేదు, ఎవరూ కాదనలేదు.

మొన్న ఆదివారం వీధిలో నెత్తళ్ళ చేపలమ్మే మనిషొకతె గ్రిల్లు దగ్గర ఆగి, "నీ సోట్లో తట్ట దిగిపోనాదంట కదప్పా, ఇన్నావా?" అంది. ఎవరిదే ఆ తట్ట అని చిట్టమ్మ లేచి వచ్చేలోపు ఆ మనిషి మలుపు తిరిగిపోయింది.

ఆ నిమిషం నుంచే చిట్టమ్మ నోరు మూసేసింది. తన మాట కూడా ధర పలికే సరుకే అయినప్పుడు, ఊరికే ఎందుకివ్వాలి?

గ్రిల్లు చప్పుడైంది. సూర్యకళ కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. వచ్చినవాళ్ళను లోపలికి రానిచ్చి, మళ్ళీ తాళం వేసి, చెవిని కొంగున ముడేసుకుంది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ముందున్నవాడు ఆయిల్ కంపెనీ మనిషి మోహన్, ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో ఫైలు. వెనకున్నవాడు కోటి. చిట్టమ్మ తమ్ముడి కొడుకు, ఎల్లాజీ బోటు మీదే కలాసీ.

"నువ్వెందుకొచ్చినావురా?" అన్నాడు ఎల్లాజీ.

"రాకేటి సేత్తాను బావా? ఆ ఆయిల్ డబ్బా ఎవులి డబ్బుల్తో కొన్నావు? బోటు కర్సుల్లోనే కదా. కర్సులు తీసీసాకే మాకు వాటాలిచ్చినావు. డబ్బా మనందరిదైతే దాని మూత మనందరిది కాదేటి?"

"కూపన్ మీదున్నది మా యమ్మ పేరు."

"అమ్మంట! పోయినేడు వసారాలో అత్త వోనకి తడిసిపోతంటే టార్పాలిను కట్టింది నాను. అప్పుడు ఎవులమ్మ?"

టార్పాలిను కట్టిన మాట నిజమే. వాన వెలిసిన మర్నాడే వచ్చి దాన్ని విప్పి పట్టుకుపోయిన మాటా నిజమే. మేనల్లుడు ఆ రెండో ముక్క మర్చిపోయాడు. ఈ ఇంట్లో అందరివీ సగం జ్ఞాపకాలే అనుకుంది చిట్టమ్మ.

మోహన్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారికి నెలనెలా ఈ వీడియో ఇబ్బంది అయితే ఇంకో వీలుంది. జీతం వదులుకుని ఒకేసారి మొత్తం తీసుకోవచ్చు. ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు. ఇరవై లక్షలు."

"ఇరవయ్యేనా?" అన్నాడు ఎల్లాజీ.

"వయసును బట్టి ఉంటుందండీ. అమ్మగారికి డెబ్భై నాలుగు కదా. సుగర్ ఉందా?"

"నేదు."

"బీపీ?"

"కూసింత."

"దగ్గు ఉందన్నారు?"

"తగ్గిపోనాది. మొత్తం తగ్గిపోనాది. మాయమ్మ గట్టిపిండం సార్. మా అమ్మమ్మ తొంబై దాటి బతికింది."

"అలా అయితే నెలనెలా తీసుకోవడమే మీకు లాభం," అన్నాడు మోహన్ మర్యాదగా.

ఎల్లాజీ నాలిక్కరుచుకున్నాడు.

"తొంబయ్యేటి బావా?" కోటి అందుకున్నాడు. "మొన్న ఆ దగ్గు ఇన్నావా? వొచ్చే ముసురుకి ఉంటాదో నేదో. ఒకేపాలి తీసీసుకో, మా వాటా మాకిచ్చీ."

చిట్టమ్మ మంచం మీద కూర్చుని అందరినీ మార్చి మార్చి చూసింది. హార్బర్‌లో కొనేవాడు చేప మొప్ప ఎత్తి చూస్తాడు. కంట్లో మెరుపు చూస్తాడు. వేలితో నొక్కి చూస్తాడు. మోహన్ అవన్నీ కుర్చీలోంచి లేవకుండానే చేసేశాడు. కాకపోతే చేపను చచ్చాక బేరమాడతారు. ఇక్కడ అంతవరకు ఆగే ఓపిక కూడా ఎవరికీ లేదు.

"ఒకేపాలి వొద్దు," అంది సూర్యకళ.

"నీకేటి తెలుసని?"

"తెలీడానికేటుంది? ఒకేపాలొస్తే నువ్వు కొత్త బోటంటావు. ఈడు వాటా అంటాడు. పండగెల్లీసరికి అయిపోద్ది. మర్నాడు అత్తని మల్లీ వసారాలోకి ఈడ్సీత్తావు."

ఎల్లాజీ తన తెల్లచొక్కా గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వాడు కొత్త బోటుకు వెయ్యాల్సిన రంగు కూడా నిర్ణయించేసుకున్నాడు. ఆకుపచ్చ. ఇంట్లో అందరికీ చెప్పాడు, రంగు డబ్బా కూడా తెచ్చి అటక మీద పెట్టాడు.

చిట్టమ్మ రెండు దారులూ చూసుకుంది. వేలిముద్ర వేస్తే గ్రిల్లు ఊడుతుంది. తనను కట్టేసి ఉంచే పని ఎవరికీ ఉండదు, పలకరించే పని కూడా ఉండదు. వెయ్యకపోతే దోమతెర, ఉప్పులేని కూర, ఊపిరి ఉన్నన్నాళ్ళు ఈ గడప. ఇందులో నీకేది కావాలమ్మా అని ఇక్కడున్నవాళ్ళలో ఒక్కరి నోటా రాలేదు. వీళ్ళనేనా తను ఇన్నాళ్ళు నా వాళ్ళనుకుంది అని ఆమెకు అసహ్యం వేసింది.

"మాటాడకపోతే మాటాడకు. ముద్రెయ్యి," అన్నాడు ఎల్లాజీ. తల్లి చెయ్యి పట్టుకుని బొటనవేలు సిరాదిమ్మె మీద నొక్కాడు. ఆమె పెనుగులాడలేదు. వేలు నల్లగా పైకి లేచింది, కాగితం మీదికి వచ్చింది.

కాగితానికీ వేలికీ మధ్య సూర్యకళ అరచెయ్యి వచ్చి పడింది.

"తియ్యి సెయ్యి!"

"తియ్యను."

"ఏటే నీకింత? పొద్దునే గుడికెల్లి అత్తకి ఆయుస్సు అడిగితే సరిపోద్దనుకున్నావా?"

కోటి పగలబడి నవ్వాడు. "గుడా? ఏ గుడి బావా? నీ పెళ్ళాం రోజూ ఐసు ప్లాంటు గోడకాడ అత్త సోట్లో కూకుంటంది. హార్బరంతా సూత్తంది. జీతం తగిలినకాడ్నుంచి నువ్వు అటేపు రాడం మానీసినావు, నీకెలాగ తెలుస్తాది?"

ఎల్లాజీ భార్య వైపు చూశాడు. సూర్యకళ కాగితం మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు, తల మాత్రం దించుకుంది.

యాభై ఏళ్ళు చేపల మధ్య బతికిన ముక్కుకు చేపవాసన తెలియదు. కానీ కళ్ళకేం? చిట్టమ్మ ఆ చేతిని ఇప్పుడు చూసింది. గాజుల వెనక, మణికట్టుకు అంటుకుని, చిన్న పొలుసు ఒకటి మెరుస్తోంది. అంత పసుపు రాసుకున్నా అది పోలేదు.

"సెయ్యి సూపించు."

మాట్లాడింది ఎవరో అర్థం కావడానికి అందరికీ ఒక క్షణం పట్టింది. సాయిదుర్గ గబుక్కున ఫోనెత్తింది.

సూర్యకళ చెయ్యి చాపింది. చూపుడువేలి మీద రెండు కత్తిగాట్లు. చేపను తలవైపు నుంచి పట్టుకోవడం రానివాళ్ళకు పడే గాట్లు.

"ఎన్నాళ్ళనుంచి?"

"గ్రిల్లెట్టిన పన్నెండో నాడు దించినాను తట్ట. పదిహేనుకి పోద్ది కదత్తా."

"నాకోసమా?"

"మొదట్రోజు నీకోసమే."

"తరవాత?"

సూర్యకళ మణికట్టు మీది పొలుసును గోటితో గీకింది. చిట్టమ్మకు వేరే జవాబు అక్కర్లేకపోయింది. పెళ్ళైన కొత్తలో అత్తగారికి జ్వరమొస్తే ఒక్కపూటకని ఆ చోట్లో కూర్చుంది తను. మొదటి చేప అమ్మిన డబ్బులు కొంగున ముడేసుకున్నాక మధ్యాహ్నానికి లేవబుద్ధి కాలేదు. అత్తగారికి ఇంకో నాలుగు రోజులు జ్వరముంటే బాగుండునని కూడా అనుకుంది. ఆ పాపం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"నిన్న పాటలో కోనాం సేప పాడినావా?"

"పాడినాను. కిలో ఏడొందల యాబైకి."

"అమ్మింది?"

"ఏడొందలకి."

"ఏడొందల యాబైకి కొని, ఏడొందలకి అమ్మినావా!"

"పెద్ద సేపత్తా. ముద్దొచ్చీసింది," అంది సూర్యకళ సిగ్గుగా.

చిట్టమ్మ నవ్వింది. మూడు రోజుల మౌనమంతా ఒక్కసారిగా పగిలినట్టు నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. అంతే, ఎల్లాజీ నీళ్ళ చెంబుకు, కోటి విసనకర్రకు పరుగెత్తారు. కంపెనీ మనిషి ఫైలు తెరిచి ఏదో రాసుకున్నాడు.

"కూకోండి రా, సావలేదు!" అంది చిట్టమ్మ. "తియ్యవే గుంటా నీ ఈడియో."

సాయిదుర్గ ఫోను ముందుకు పెట్టింది.

"నా పేరు చిట్టమ్మ. ఇయాల బుదారం, పద్నాలుగో తారీకు. బతికే ఉన్నాను. యాబై పోగొట్టుకుని అమ్మీ ఈ దద్దమ్మకి బేరం వొచ్చీదాకా సావను. రాసుకోండి."

"పేరూ తారీకూ చాలమ్మగారూ," గొణిగాడు మోహన్.

"నీకు సాలు. నాకు సాల్దు."

నల్లగా ఉన్న బొటనవేలిని ఎక్కడ తుడవాలా అని చుట్టూ చూసింది. ఎల్లాజీ చెంబు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. వాడి తెల్లచొక్కా మీద, సరిగ్గా జేబు మీద, తీరిగ్గా తుడుచుకుంది.

"నీ ముద్ర నీకేసీసినాను. కాగితం మీద ఎయ్యను."

మోహన్ సిరాదిమ్మె మూత పెట్టేశాడు. కోటి తల గోక్కున్నాడు. "మరి మా వాటా అత్తా?"

"నా తొంబయ్యో ఏట రారా, సూద్దాం."

చిట్టమ్మ మంచం దిగింది. మోకాళ్ళు పట్టేసినా ఆగలేదు. గుమ్మం వైపు నడిచింది. "తాళం తియ్యండి. రేపు తెల్లారి నా సోట్లో నాను కూకోవాల. తట్ట తోముకోవాల."

ఎల్లాజీ చెంబు కింద పెట్టేసి గ్రిల్లుకు అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు గడప దాటితే నానొప్పుకోను. ఆ బురదేటి, ఆ ఐసుగెడ్డలేటి. జారిపడితే?"

"పడితే?"

"పడితే..."

"సెప్పరా. పడితే అమ్మ పోద్దనా, జీతం పోద్దనా?"

ఎల్లాజీ తన భార్య వైపు తిరిగాడు. "తాళంసెవి ఇలాగియ్యి. ఇయాల్టినుంచి నా కాడే ఉంటాది."

అందరూ సూర్యకళ వైపు చూశారు. ఐస్ ప్లాంటు గోడవార చోటు మూడడుగులే. ఒక తట్టే దిగుతుంది. ముసలామె రేపు అక్కడికి వెళితే, చిన్నామె లేవాలి. ముసలామె ఇక్కడే ఉంటే, ఆ చోటు ఇక ఎప్పటికీ చిన్నామెదే. ఆ లెక్క చిట్టమ్మకు తెలుసు. కోడలికీ తెలుసునని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

సూర్యకళ కొంగుముడి విప్పింది.

ఎల్లాజీ చెయ్యి చాచాడు. చిట్టమ్మ చాచలేదు. పుట్టి బుద్ధెరిగి ఎవరి ముందూ చాచని చెయ్యి అది, కోడలి ముందు చాస్తుందా? గ్రిల్లు ఊచ పట్టుకుని, వీధి వైపు చూస్తూ నిలబడింది.

వెనక ఎక్కడో సూర్యకళ గాజులు ఒక్కసారి గలగలమన్నాయి. చిట్టమ్మ వెనక్కి తిరిగి చూసింది. తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకుని, తల్లికీ కొడుక్కీ మధ్య, ఎవరి మొహమూ చూడకుండా, సూర్యకళ నిలబడి ఉంది.